పొట్టు లెక్క

రాణీగంజ్‌లో ఇది మూడో శనివారం.
గల్లీ నిండా గ్రీజు వాసన, దాని మీద చాయ్ ఆవిరి.
"సార్ రాలేదా అమ్మా?" అంటాడు తాహెర్ భాయ్, ప్రతిసారీ.
సార్ లేడు భాయ్,
రంపం నాకే.

ఏం కోస్తారు? తలుపులా, పెట్టెలా?
జిట్రేగి, అన్నాను. ఎనిమిదంగుళాల వెడల్పు,
మూడున్నర మిల్లీమీటర్ల మందం.
అప్పడమా? అని నవ్వాడు.
అవును. మోగే అప్పడం.

మొద్దు ఇంట్లో ఉంది.
చాదర్‌ఘాట్‌లో పాత దవాఖానా ఒకటి కూలగొడుతుంటే
దర్వాజా పైపట్టె, నాలుగంగుళాల దిమ్మ,
సోమాచారి ఆటోలో వేసుకొచ్చి దించాడు.
"దీంట్ల ఇనుము లేదు పిల్లా,
మా తాత చెక్క చీలలే కొట్టిండు."
అప్పట్నుంచి దాని మీద పిల్లి పడుకుంటోంది.

రాత్రి కరెంటు బిల్లు వెనకాల లెక్క వేశాను.
మందం బ్లేడైతే పదిహేను పలకలు,
సన్నదైతే ఇరవై ఒకటి.
వీపుకి రెండు, పక్కలకి రెండు, గిటారుకి నాలుగు.
అంటే రంపం ఎంచుకోవడంలో తప్పు చేస్తే
ఒకటిన్నర గిటారు
నేల మీద పొట్టుగా పడి ఉంటుంది,
నేను చీపురు పట్టుకొని నిలబడతాను.

ముందు చూపించింది కొత్తది.
ఆకుపచ్చ రంగు, ఊడదీయని స్టిక్కరు, ఏడాది వారంటీ.
బల్ల నుంచి పై గైడు దాకా టేపు పెట్టాను:
ఆరు.
మధ్యలో దిమ్మె పెట్టి లేపిస్తానన్నాడు.
మెడ సాగదీసినోడు మూట మొయ్యగలడా, భాయ్?

లోపల, గోనెపట్టాల కింద, రెండోది.
కాటేదాన్‌లో మూతబడ్డ తలుపుల ఫ్యాక్టరీ నుంచి వచ్చింది.
పోత ఇనుము. చక్రాల మీద రబ్బరు బీటలు వారింది.
లోపలి రేకు మీద ఎవరో సుద్దతో రాసుకున్నారు:
సత్తయ్య, నలభై బాకీ.

రెండూ ఆన్ చేయించాను.
పర్సులోంచి ఐదు రూపాయల బిళ్ళ తీసి
అంచు మీద నిలబెట్టాను.
కొత్తదాని మీద మూడుసార్లు పడింది.
దీని మీద నిలబడింది.
తాహెర్ భాయ్ కొడుకు ఫోను పక్కన పెట్టి మరీ చూశాడు.
బయట లారీ రివర్సు కొట్టినప్పుడు పడింది గానీ,
అది లారీ తప్పు.

పేచీ అంతా మోటారుతో.
దానికి మూడు ఫేజులు కావాలి.
చిలకలగూడలో మా గల్లీకి ఉన్నది ఒకటి,
అది కూడా చినుకు పడితే అలుగుతుంది.
మోటారు మార్చాలి, టైర్లు మార్చాలి, బేరింగులు మార్చాలి.
ఇక బ్లేడొక్కదాని ధర విని
అమ్మ నన్ను మళ్ళీ చెప్పమంది.
మళ్ళీ చెప్పాను. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బిగించిన రోజు సోమాచారి వచ్చాడు.
ముందు తుమ్మ ముక్క మీద గీత గీసి
చేత్తో తోసి చూడమన్నాడు.
బ్లేడు ఎడమకి, వెంట్రుకంత, ఒరిగింది.
"దాంతోని కొట్లాడకు. అదెటు పోతదో
కంచె గూడ అటే వాల్చి బిగియ్యి."

తర్వాత జిట్రేగి.
ఒక్కో అంగుళానికి ఒక్కో ఊపిరి.
గులాబీ, మిరియం, ఎక్కడో పాత మందుల బీరువా,
అన్నీ కలిసిన వాసన.
వెనక పలక అందుకోవడానికి నిలబడ్డ సోమాచారి
కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

మోటారు ఆపాక అడిగాను.
"గుంత రంపం కాలంల
పైన మా అన్న, కింద నేను.
పొట్టంత కిందోనికే."
పన్నెండేళ్ళప్పటి అలవాటు,
పొట్టు లాగే గొట్టం ఉందని కళ్ళకి ఎవరూ చెప్పలేదు.

రెండు పలకలూ పక్కపక్కన తెరిచి పెట్టాను.
నల్లటి చారలు ఎదురెదురుగా నిలబడ్డాయి,
అద్దం చూసుకున్నట్టు.
ఒకదాన్ని చెవి దగ్గర పట్టుకొని వేలితో తట్టాను.
ఆయనకిచ్చాను. ఆయన కూడా తట్టాడు.
ఏమీ అనలేదు. ఇంకోసారి తట్టాడు.

పోతూ పోతూ సంచి విప్పి
గుప్పెడు పొట్టు తువాలు కొసకి ముడేసుకున్నాడు.
ఎందుకు పెద్దనాన్నా?
"దోమలకు పొగేస్త."